బోరు డబ్బాలో సీ, సర్వర్‌లో పైథాన్: ఎందుకిలా?

అనంతపురం జిల్లాలో బోరు కింద చీనీ తోట పెట్టిన రైతును అడిగితే మొబైల్ స్టార్టర్ అంటే ఏమిటో పూసగుచ్చినట్టు చెబుతాడు. ఊళ్లో ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్‌లో బటన్ నొక్కితే ఎక్కడో తోటలో మోటారు ఆన్ అవుతుంది. త్రీఫేజ్ కరెంటు రాగానే మెసేజ్ వస్తుంది. ఒక ఫేజు పోతే మోటారు దానంతటదే ఆగుతుంది. బోరులో నీళ్లు అడుగంటి మోటారు ఉత్తినే తిరుగుతుంటే అదీ పసిగట్టి ఆపేస్తుంది. వైండింగ్ కాలిపోతే మోటారును బోరులోంచి పైకి లాగి రీవైండింగ్ షాపుకు మోసుకుపోవడానికి ఎంతవుతుందో తెలిసినవాళ్లకు ఈ డబ్బా విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఒక్క బటన్ వెనక రెండు మూడు ప్రోగ్రామింగ్ భాషలైనా పనిచేస్తుంటాయి. ఫోన్‌లోని యాప్‌ను సాధారణంగా జావాలోనో కోట్లిన్‌లోనో రాస్తారు. మధ్యలో సర్వర్ ఉంటే అక్కడ పైథాన్ గానీ జావాస్క్రిప్ట్ గానీ ఉండొచ్చు. తోటలో, కందిరీగలు గూడు పెట్టిన ఆ ఇనుప డబ్బా లోపలి చిన్న చిప్‌లో మాత్రం చాలావరకు సీ భాషే.

సీ అంటే ఫస్టియర్‌లో పాసై వదిలేసే సబ్జెక్టు, పైథాన్ అంటే బెంగళూరులో ఉద్యోగం. మన వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో సీనియర్లు జూనియర్లకు చెప్పే మాట ఇదే. క్లాసులోనేమో లో లెవెల్, హై లెవెల్ అని రెండు నిలువు గళ్లు గీసి, ఇటు వేగం, అటు సౌకర్యం అని తేడాలు రాయిస్తారు. ఐదు మార్కులకు అది చాలు. కానీ ఆ పట్టిక బట్టీపట్టినవాడికి డబ్బాలో సీ ఎందుకుందో, సర్వర్‌లో పైథాన్ ఎందుకుందో అర్థం కాదు.

నన్నడిగితే తేడా అంతా ఒక ప్రశ్నలో ఉంది. మెమరీలో ఏది ఎక్కడ పెట్టాలి, దానికి ఎన్ని బైట్లు ఇవ్వాలి, పని అయిపోయాక ఆ జాగా ఎవరు ఖాళీ చేయాలి, సంఖ్య పట్టకపోతే ఏం చేయాలి? ఈ చిల్లర పనులు ఎవరి నెత్తిన పడతాయి? రాసేవాడి నెత్తిన పడితే లో లెవెల్, భాషే చూసుకుంటే హై లెవెల్. భాష ఊరికే చూసుకోదు, కూలి తీసుకుంటుంది. ఆ కూలి మెమరీ రూపంలో ఉంటుంది, సమయం రూపంలో ఉంటుంది. ఎక్కడ కట్టగలమో, ఎక్కడ కట్టలేమో చూసుకోవడమే భాషను ఎంచుకోవడం.

ముందు అట్టడుగు సంగతి చూద్దాం. ప్రాసెసర్‌కు అర్థమయ్యేవి అంకెలే. అది ఎంత అక్షరాలా నిజమో తెలియాలంటే మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8085 కిట్ ముందు కూర్చోవాలి. ఇంటెల్ ఈ చిప్‌ను 1976లో తెచ్చింది. బయట ఎవరూ వాడకపోయినా పాఠం చెప్పడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. చిన్న కీప్యాడ్, ఎర్రగా వెలిగే అంకెల డిస్‌ప్లే, అంతే కిట్. నిన్న మోటారు 5 గంటలు నడిచింది, ఇవాళ 3 గంటలు. రెండూ కూడి జవాబును మెమరీలో దాచాలి. కిట్‌లో కొట్టాల్సింది ఇదీ:

06 05 78 06 03 80 32 50 20 76

ఇవి హెక్స్ అంకెలు (తొమ్మిది తర్వాత అక్షరాలు కూడా వాడే పదహారంకెల లెక్క), ఒక్కో జంట ఒక్కో బైటు. 06 అంటే పక్కనున్న సంఖ్యను బీ రిజిస్టర్‌లో వేయమని. రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలే ఉండే బుల్లి జాగా. 05 ఆ సంఖ్య. 78 అంటే బీలో ఉన్నదాన్ని ఏ అనే ఇంకో రిజిస్టర్‌లోకి కాపీ చేయమని. మళ్లీ 06, 03 వచ్చాయి కాబట్టి ఇప్పుడు బీలో మూడు పడింది. 80 అంటే ఏకు బీని కూడమని. 32 అంటే ఏలో ఉన్నదాన్ని మెమరీలో ఫలానా చోట రాయమని. ఆ చోటు 2050, కానీ కొట్టింది తిరగేసి 50 20 అని. ఈ ప్రాసెసర్ అడ్రసులో వెనక సగాన్ని ముందు అడుగుతుంది. చివరి 76 అంటే ఆగమని. (నేరుగా ఏలోనే వేసే ఆదేశం ఉంది, ల్యాబ్‌లో అదే వాడతారు. దాని కోడ్‌లో అక్షరం ఉంది కాబట్టి ఇక్కడ అంకెలతోనే సరిపెట్టాను.)

ఇందులో 80 బదులు చెయ్యి జారి 81 కొట్టారనుకోండి. 81 కూడా సరైన ఆదేశమే: ఏకు సీ రిజిస్టర్‌ను కూడమని. ఈ సీ రిజిస్టర్‌కూ సీ భాషకూ సంబంధం లేదు. అందులో అంతకుముందు బ్యాచ్ వాళ్లు వదిలిపోయిన సంఖ్య ఏదుంటే అది కలుస్తుంది. ఎర్రర్ రాదు, బీప్ రాదు. జవాబు తప్పు వస్తుంది, అంతే. రెండోసారి నడిపితే ఇంకో తప్పు జవాబు రావొచ్చు. ఇక్కడ మన ఉద్దేశం ఏమిటో పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు.

ఇంకో చిక్కు ఉంది. ఇదే 76ను 8086కు ఇస్తే అది ఆగదు. అక్కడ 76 అంటే, ఇందాక పోల్చిన రెంటిలో మొదటిది చిన్నదో సమానమో అయితే ఫలానా చోటుకు దూకమని. రెండూ ఇంటెల్‌వే, 8086 వచ్చింది 1978లో, రెండేళ్ల తేడా. అంకె అదే, అర్థం వేరు. మీ ఫోన్‌లోని ఆర్మ్ చిప్‌కూ లాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్‌కూ మధ్య తేడా ఇంతకంటే చాలా ఎక్కువ. ఇలాంటి అంకెల ఆదేశాలనే మెషీన్ కోడ్ అంటారు, అది ఏ చిప్ కోసం రాస్తే ఆ చిప్‌కే పనికొస్తుంది.

అసెంబ్లీ భాష దీనికి ఒక మెరుగే గానీ పెద్ద మార్పేమీ కాదు. 80 అని గుర్తుపెట్టుకునే బదులు 'యాడ్ బీ' అని, 76 బదులు 'హాల్ట్' అని రాస్తాం. దాన్ని అంకెల్లోకి మార్చే పని అసెంబ్లర్ అనే ప్రోగ్రాం చేస్తుంది. 1949లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌శాక్ కంప్యూటర్ పని మొదలుపెట్టినప్పుడే డేవిడ్ వీలర్ రాసిన 31 ఆదేశాల బుల్లి ప్రోగ్రాం ఇలాంటి పని చేసింది. పేపర్ టేపు మీద అక్షరాల్లో రాసిన ఆదేశాలను చదివి యంత్రం అంకెల్లోకి మార్చి పెట్టింది. గుర్తుంచుకోవడం తేలికైంది. అయినా ఏ సంఖ్య ఏ రిజిస్టర్‌లో ఉందో, ఏది ఎప్పుడు చెరిగిపోతుందో చూసుకునే బాధ్యత మాత్రం రాసేవాడిదే. చిప్ మారితే మొత్తం మళ్లీ రాయాల్సిందే.

అసలు మలుపు 1957లో వచ్చింది. జాన్ బ్యాకస్ నాయకత్వంలో ఐబీఎం బృందం 1954లో మొదలుపెట్టి మూడేళ్లు కష్టపడి 704 అనే యంత్రానికి ఫోర్‌ట్రాన్ కంపైలర్ ఇచ్చింది. ఇంజనీరు తన సూత్రాన్ని దాదాపు కాగితం మీద రాసినట్టే రాస్తే దాన్ని యంత్రం ఆదేశాల్లోకి మార్చేది కంపైలర్. అప్పటి ప్రోగ్రామర్లు దీన్ని నమ్మలేదు. చేత్తో రాసిన కోడ్ అంత చురుకుగా ఒక ప్రోగ్రాం పుట్టించిన కోడ్ ఎలా నడుస్తుందని వాళ్ల అనుమానం. ఆ రోజుల్లో యంత్రం అద్దె మనిషి జీతం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ అనుమానంలో తప్పు లేదు. అందుకే బ్యాకస్ బృందం తమ శ్రమలో పెద్ద భాగం పుట్టే కోడ్‌ను చురుకుగా చేయడానికే పెట్టింది. నెమ్మదిగా నడిచి ఉంటే ఫోర్‌ట్రాన్‌ను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

కంపైలర్ చేసే పనిని మన జిల్లా భాషలో చెప్పుకోవచ్చు. కలెక్టరేట్ నుంచి వచ్చే ఉత్తర్వు ఒక్క వాక్యమే: పంట నష్టం అంచనా వేసి పంపండి. అది ఆర్డీవోను, తహసీల్దారును దాటి ఊరికి చేరేసరికి వీఆర్వో సర్వే నంబరు పట్టుకుని, ఎండలో గట్ల వెంట నడిచి, ఏ చేనులో ఎన్ని సెంట్ల వేరుశనగ ఎండిందో రాసుకోవాలి. పైన ఉత్తర్వు రాసినవాళ్లకు ఆ గట్లతో పనిలేదు. కానీ గట్ల మీద నడవకుండా నివేదిక రాదు. హై లెవెల్ భాషలో రాసే ప్రతి లైను కింద ఎవరో ఒకరు ఆ నడక నడుస్తూనే ఉంటారు.

ఇక సీ. బెల్ ల్యాబ్స్‌లో 1969లో యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలైంది అసెంబ్లీలోనే. డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో సీని రూపొందించాడు, 1973లో యునిక్స్ కెర్నల్‌ను, అంటే దాని గుండెకాయ లాంటి భాగాన్ని, సీలో తిరగరాశారు. రిజిస్టర్ల బాధ్యతను సీ తన నెత్తిన వేసుకుంది. సంఖ్య ఏలో ఉందా బీలో ఉందా అని మనం ఆలోచించక్కర్లేదు. మెమరీ బాధ్యతను మాత్రం మనకే వదిలేసింది. ఎన్ని బైట్లు కావాలో చెప్పాల్సింది మనమే, అడిగి తీసుకున్న జాగాను తిరిగి ఇవ్వాల్సిందీ మనమే.

ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. మోటారు ఎన్ని నిమిషాలు నడిచిందో దాచుకోవడానికి సీలో ఒక బైటు కేటాయించారనుకోండి. ఒక బైటులో 0 నుంచి 255 దాకా పడతాయి. నిన్న 250 నిమిషాలు, ఇవాళ 10 నిమిషాలు. రెండూ కూడి మళ్లీ ఒక బైటులోనే పెడితే వచ్చేది 260 కాదు, 4. 255 దాటగానే సున్నా నుంచి మళ్లీ మొదలైంది. 8085లో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ క్యారీ అనే ఒక గుర్తు లేస్తుంది, చూసుకునేవాడు చూసుకోవచ్చు. సీ ఆ గుర్తును కూడా మనకు చూపించదు. చప్పుడు చేయకుండా 4 చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటుంది.

అదే పైథాన్‌లో:

మొత్తం = నిన్న + ఇవాళ

ఇది ఉదాహరణ కోసం తెలుగులోకి మార్చింది కాదు. పైథాన్ 3లో పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టుకోవచ్చు, ముందు నిన్నకు 250, ఇవాళకు 10 అని ఇస్తే ఈ లైను ఇలాగే నడుస్తుంది. (కంపెనీలో ఇలా రాస్తే టీమ్ లీడ్ ఊరుకోడు, అది వేరే సంగతి.) జవాబు 260. ఇరవై అంకెల సంఖ్య ఇచ్చినా, వంద అంకెల సంఖ్య ఇచ్చినా సరైన జవాబే వస్తుంది. ఎన్ని బైట్లు కావాలో అదే చూసుకుంటుంది.

చూసుకున్నందుకు కూలి ఎంత? ప్రతి సంఖ్యనూ పైథాన్ ఒక వస్తువుగా దాచుతుంది. ఇది ఏ రకం వస్తువు, దీన్ని ఎంతమంది వాడుతున్నారు, సంఖ్య ఎంత పొడవు అనే వివరాలన్నీ దానికి తగిలించి పెడుతుంది. మామూలు 64 బిట్ కంప్యూటర్‌లో పైథాన్ 1 అనే సంఖ్యకు తీసుకునే జాగా 28 బైట్లు. సీలో ఒక బైటుతో అయిపోయే పని. కూడేటప్పుడు కూడా ముందు రెండు వస్తువులూ ఏ రకమో చూడాలి, అవి సంఖ్యలా, అక్షరాల వరసలా అని తేల్చుకోవాలి, లోపలి విలువలు తీయాలి, కూడాలి, జవాబుకు కొత్త వస్తువు తయారుచేయాలి. సీలో రాసి చిన్న చిప్‌లోకి ఎక్కిస్తే ఆ ఒక బైటు కూడిక ఒకే ఒక్క ఆదేశం.

ఒకసారి క్లాసులో కళ్యాణదుర్గం వైపు పిల్లవాడు అడిగాడు.

"సార్, మా చిన్నాయన బోరుకు బిగించిన డబ్బాలో పైథాన్ ఎక్కియ్యొచ్చునా?"

"ఎంత ర్యామ్ ఉంటుందనుకుంటున్నావప్పా దాంట్లో?"

"నాలుగు జీబీ ఉండదా సార్?"

క్లాసంతా నవ్వింది గానీ ప్రశ్న మంచిది. మన పిల్లలు ప్రాజెక్టులకు వాడే ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డునే తీసుకోండి. దాని మీది చిప్‌లో ర్యామ్ 2 కేబీ, అంటే 2048 బైట్లు. ప్రోగ్రాం దాచుకునే జాగా 32 కేబీ. పైథాన్ లెక్కన ఒక్కో సంఖ్యకు 28 బైట్లు పోతే డెబ్బై మూడు సంఖ్యలకే ర్యామ్ నిండిపోతుంది, పైథాన్ అనే ప్రోగ్రాంకు చోటే లేదు. చిన్న చిప్‌ల కోసమే చేసిన మైక్రోపైథాన్ అని ఒకటుంది. దానికీ దాదాపు 256 కేబీ ప్రోగ్రాం జాగా, 16 కేబీ ర్యామ్ కావాలి. కాస్త పెద్ద చిప్ వేస్తే హాయిగా నడుస్తుంది. కానీ వేల సంఖ్యలో డబ్బాలు తయారుచేసేవాడు ఒక్కో చిప్ మీద పది రూపాయలు మిగిలినా చూసుకుంటాడు.

డబ్బాలో సీ పెట్టడానికి కారణం వేగం అనుకుంటారు చాలామంది. ఇక్కడ నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. రిలే అనే చిన్న స్విచ్ మూసుకుని, మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్ కాంటాక్టర్ లాగడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఎస్సెమ్మెస్ రావడానికి సెకన్లు పడుతుంది. ఆ మధ్యలో ప్రోగ్రాం పది రెట్లు నెమ్మదిగా నడిచినా రైతుకు తెలియదు. సీ ఉన్నది జాగా కోసం, ధర కోసం, చిప్ పిన్నులనూ టైమర్లనూ నేరుగా ముట్టుకునే వీలు కోసం.

అలా ముట్టుకునే చోట చిల్లర బాధ్యతలు మన నెత్తిన ఎలా పడతాయో చెప్పడానికి టైమర్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆర్డుయినోలో ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే లెక్క ఒకటి నడుస్తూ ఉంటుంది. దానికి ఇచ్చింది 32 బిట్లు, అంటే 429 కోట్ల చిల్లర దాకా పడుతుంది. మిల్లీసెకన్లలో అంత అంటే సుమారు 49.7 రోజులు. ఆ తర్వాత సున్నా. ఇప్పుడు మోటారు ఆన్ చేశాక పది నిమిషాలకు నీళ్లు వస్తున్నాయో లేదో చూడమని రాయాలి. ఒకడు 'ఇప్పటి లెక్క, మొదలైన లెక్కకు పది నిమిషాలు కలిపినదాన్ని దాటిందా' అని రాస్తాడు. ఇంకొకడు 'ఇప్పటి లెక్కలోంచి మొదలైన లెక్క తీసేస్తే పది నిమిషాలు దాటిందా' అని రాస్తాడు. బడి లెక్కల ప్రకారం రెండూ ఒకటే. చిప్‌లో ఒకటి కాదు. లెక్క సున్నాకు తిరిగే సమయానికి మోటారు నడుస్తుంటే మొదటివాడి డబ్బా తికమక పడుతుంది: పది నిమిషాలు కాకముందే అయిందనుకోవచ్చు, లేదా ఎన్నటికీ కాలేదనుకోవచ్చు. రెండోవాడిది సరిగ్గా నడుస్తుంది, ఎందుకంటే తీసివేత కూడా అదే 32 బిట్లలో సున్నా దగ్గర తిరిగి సరిపోతుంది.

మన పల్లెల్లో ఈ తప్పు చాలాకాలం బయటపడదు. రోజూ కరెంటు పోతుంది, డబ్బా ఆగి మళ్లీ లేస్తుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కరెంటు పోయిందని మెసేజ్ పంపడానికి డబ్బాలో బ్యాటరీ పెట్టిన రోజు నుంచి మొదలవుతుంది తంటా. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. విండోస్ 95, 98 సరిగ్గా ఇదే లెక్క వల్ల 49.7 రోజులు ఆపకుండా నడిస్తే బిగుసుకుపోయేవి. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, బోయింగ్ 787 విమానాల్లో కరెంటును ఆపకుండా 248 రోజులు ఆన్‌లో ఉంచితే జనరేటర్లను నియంత్రించే యూనిట్లన్నీ ఒకేసారి ఆగిపోవచ్చని, మధ్యమధ్యలో ఆఫ్ చేసి ఆన్ చేయాలని ఆదేశం ఇచ్చింది. సెకనులో నూరో వంతు చొప్పున 31 బిట్లలో లెక్కపెడితే నిండేది సుమారు 248 రోజులకే.

మెమరీ బాధ్యత ఇంకా ప్రమాదకరమైంది. సీలో పది అంకెల వరస పెట్టుకుని పదిహేనోది చదవమంటే చదివి ఇస్తుంది. ఆ చోట ఇంకెవరిదో సమాచారం ఉంటుంది, అదే వస్తుంది. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఇలాంటిదే. ఇంటర్నెట్‌లో చాలా సర్వర్లు సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సీ ప్రోగ్రాంలో, సర్వర్ బతికే ఉందా అని అడిగే ఒక సందేశం ఉంది. "ఈ మాట తిరిగి పంపు, దీని పొడవు ఇంత" అని అడుగుతారు. ఒక అక్షరం పంపి పొడవు 64 వేలు అని అబద్ధం చెబితే, సర్వర్ ఆ మాటను నమ్మి, ఆ ఒక్క అక్షరం పక్కన మెమరీలో ఏముంటే అదంతా కలిపి 64 కేబీ దాకా పంపేసేది. అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు, రహస్య తాళాలు ఉండొచ్చు. పొడవు నిజమా కాదా అని సరిచూసే చిన్న తనిఖీ లేకపోవడమే తప్పు. పైథాన్‌లోనో జావాలోనో ఆ తనిఖీ భాషే చేస్తుంది, హద్దు దాటితే ప్రోగ్రాంను అక్కడే ఆపేస్తుంది.

వాడేసిన మెమరీని వెతికి ఖాళీ చేసే పని కూడా ఈ భాషల్లో గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది. జావాలో అది పనిలోకి దిగినప్పుడు ప్రోగ్రాం రెప్పపాటు ఆగడం ఉంటుంది. బ్యాంకు యాప్‌కు అది లెక్కలోకి రాదు, కారు బ్రేకుల చిప్‌కు వస్తుంది. రస్ట్ అనే భాష ఈ రెంటి మధ్య వేరే దారి పట్టింది: ఏ జాగా ఎవరిదో, ఎప్పుడు ఖాళీ చేయాలో కంపైల్ చేసేటప్పుడే పరీక్ష పెట్టి తేల్చేస్తుంది. నడిచేటప్పుడు కూలి లేదు, రాసేటప్పుడు మాత్రం కంపైలర్ తిట్లు తినాలి. దాని మొదటి స్థిరమైన వెర్షన్ 2015లో వచ్చింది, 2022 డిసెంబరు నాటి 6.1 వెర్షన్ నుంచి లైనక్స్ కెర్నల్‌లోకి కూడా అడుగుపెట్టింది.

ఇక అందరూ అడిగే వేగం సంగతి. ఎంఐటీ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో ఒక లెక్క ఇచ్చారు. 4096 వరసలు, 4096 నిలువులు ఉన్న రెండు మాత్రికలను గుణించాలి. ఇంటర్‌లో చదివిన పద్ధతే, మూడు లూపులు. పైథాన్‌లో రాస్తే ఒక ఆధునిక కంప్యూటర్‌లో సుమారు 7 గంటలు పట్టింది. అదే జావాలో సుమారు 40 నిమిషాలు, సీలో 9 నిమిషాలు. ఇక్కడితో ఆగి సీ గొప్పదని చప్పట్లు కొట్టేవాళ్లు అసలు ముక్క వదిలేస్తారు. అదే సీ కోడ్‌ను చిప్‌లో విడివిడిగా పనిచేసే అన్ని కోర్లకూ పంచి, క్యాష్ అనే చిప్ లోపలి చురుకైన చిన్న మెమరీలో పట్టేలా ముక్కలు చేసి, ఒక్క దెబ్బకు చాలా సంఖ్యలు గుణించే ఆదేశాలు వాడితే సమయం 0.41 సెకనుకు దిగింది. పైథాన్ నుంచి సీకి వచ్చింది 47 రెట్ల లాభం, చిప్‌ను ఎరిగి రాసినందుకు వచ్చింది ఇంకో వెయ్యి రెట్లకు పైగా. ఊరికే సీలో రాసినంత మాత్రాన రెండోది రాదు.

మరి పైథాన్‌లో పనిచేసే డేటా సైన్స్ వాళ్లు ఏడేసి గంటలు కూర్చుంటున్నారా? లేదు. వాళ్లు నమ్‌పై అనే లైబ్రరీని పిలిచి ఒక్క లైనులో గుణించేస్తారు. ఆ లైబ్రరీ లోపల గుణించేది ఎవరో ఎప్పుడో చిప్‌ను ఎరిగి రాసిపెట్టిన సీ, ఫోర్‌ట్రాన్, అసెంబ్లీ కోడే. పైథాన్ ఆ పని అప్పగించి పక్కన కూర్చుంటుంది. మొబైల్ స్టార్టర్ సర్వర్ సంగతి ఇంకా తేలిక. దాని సమయంలో ఎక్కువ భాగం డేటాబేస్ కోసమో, టవర్ నుంచి వచ్చే మెసేజ్ కోసమో ఎదురుచూడటంలోనే పోతుంది. అక్కడ సీ పెట్టి ఎదురుచూసినా పైథాన్ పెట్టి ఎదురుచూసినా పట్టే సమయం దాదాపు అంతే. వారం రోజుల్లో పూర్తయ్యే కోడ్‌ను మూడు నెలలు రాసి సాధించేదేమీ ఉండదు.

పిల్లలు కలగాపులగం చేసే విషయం ఇంకొకటుంది. కంపైలర్ ఉంటే లో లెవెల్, ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రాంను చదువుతూ చదువుతూనే నడిపేది) ఉంటే హై లెవెల్ అనుకుంటారు. రెంటికీ సంబంధం లేదు. జావా హై లెవెలే, ముందు బైట్‌కోడ్ అనే మధ్యరకం ఆదేశాలుగా కంపైల్ అవుతుంది, ఆ తర్వాత జావా వర్చువల్ మెషీన్ అనే ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూనే తరచూ వాడే భాగాలను అసలు చిప్ ఆదేశాల్లోకి మారుస్తుంది. పైథాన్ కూడా లోలోపల బైట్‌కోడ్‌గా మారాకే నడుస్తుంది.

సీ ఎటు చెందుతుందని ఇంటర్వ్యూల్లో అడుగుతారట. 1973లో అసెంబ్లీ వదిలి ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాళ్లకు సీ హై లెవెల్ భాషే. ఇవాళ పైథాన్ రాసేవాడి కంటికి లో లెవెల్. ఆ మాటకొస్తే మెషీన్ కోడ్ కూడా ఇప్పుడు నిజమైన అడుగు కాదు. ఇంటెల్ చిప్ తనకు వచ్చిన ఆదేశాలను లోపల ఇంకా చిన్న ముక్కలుగా విడగొడుతుంది, వరస మార్చి నడుపుతుంది, కొన్నిటిని అవసరం పడుతుందన్న అంచనాతో ముందే చేసేస్తుంది. మనం రాసిన వరసలోనే జరిగినట్టు చివర్లో లెక్క అప్పజెబుతుంది. మధ్యలో మిడిల్ లెవెల్ అని ఒక గడి గీసి సీని అందులో కూర్చోబెట్టే పుస్తకాలున్నాయి. మార్కుల కోసం అలాగే రాయండి.

క్లాసులో ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఇంకొకటి. సీ కంపైలర్‌ను సీలోనే రాస్తారు కదా, మరి మొట్టమొదటిదాన్ని ఎవరు కంపైల్ చేశారు? బెల్ ల్యాబ్స్‌లో అంతకుముందే కెన్ థాంప్సన్ చేసిన బీ అనే భాష ఉంది. రిచీ దానికి కొత్త సంగతులు కలుపుతూ పోయాడు, ఒక్కో కొత్త రూపాన్ని దాని ముందు రూపం కంపైల్ చేసింది. అలా వెనక్కి వెనక్కి పోతే ఎక్కడో ఒకచోట అసెంబ్లీ తగులుతుంది. ఫోర్‌ట్రాన్ మొదటి కంపైలర్‌కైతే కింద ఇంకేమీ లేదు, దాన్ని అసెంబ్లీలోనే రాశారు.

ఇప్పుడు కొత్త చిప్ వస్తే ఎవరూ కీప్యాడ్ ముందు కూర్చోరు. ఐఐటీ మద్రాసులో చేసిన శక్తి ప్రాసెసర్లనే చూడండి. అవి రిస్క్-ఫైవ్ అనే ఉమ్మడి ఆదేశాల పట్టికను పాటిస్తాయి. ఆ పట్టికకు కోడ్ పుట్టించే సీ కంపైలర్లు ముందే ఉన్నాయి. మామూలు లాప్‌టాప్‌లో కంపైల్ చేసి, వచ్చిన ఫైలును కొత్త చిప్‌లోకి ఎక్కిస్తే చాలు. స్టార్టర్ డబ్బాకు చేసేదీ ఇంతే, ప్రోగ్రాం రాసేది ఇంటెల్ లాప్‌టాప్‌లో, నడిచేది తోటలోని చిప్‌లో. దీని విలువ 2021 ప్రాంతంలో ప్రపంచమంతా చిప్‌లకు కటకట వచ్చినప్పుడు తెలిసొచ్చింది. వాడుతున్న చిప్ దొరక్కపోతే ఇంకో కంపెనీ చిప్ వేయాలి. సీలో రాసుకున్నవాడికి పిన్నులు, టైమర్లు ముట్టుకునే భాగం మార్చుకుంటే మిగతా కోడ్ చాలావరకు మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది. అసెంబ్లీలో రాసుకున్నవాడు ఫేజు పోయినప్పుడు ఏం చేయాలన్న దగ్గర నుంచి అంతా మొదటి లైను నుంచి రాసుకోవాలి.